అక్బర్ బీ చెప్పిన పేరు

మెట్టుగూడ అక్బర్ బీని తలుచుకుంటే నాకు కోపమొస్తుంది. ఆమె మీద కాదు, ఆమె మర్యాద మీద.

పెళ్లిళ్లలో మెహందీ పాటలు పాడడం ఆమె పని. వాటిలో ఒకదానికి మాటలూ వరసా రెండూ ఆమె కట్టినవే. పోలీసు యాక్షన్‌కు పదిహేనేళ్ల ముందు ఒక రికార్డు కంపెనీ సికింద్రాబాద్ వచ్చి ఆ పాటను ఆమె చేత పాడించింది. అప్పట్లో రికార్డు చివర పాడినవాళ్లు పేరు చెప్పుకోవడం రివాజు. అక్బర్ బీ తన పేరు చెప్పలేదు. "ఇది మా ఉస్తాద్ షంషీర్ సాబ్ పాట" అంది. ఉస్తాద్ ఎదుట తన పేరు చెప్పుకుంటే బేఅదబీ, పెద్దల్ని అగౌరవపరచడం అని ఆమెకు నూరిపోశారు. పాటలో ఆయనది ఒక్క ముక్క లేదు. అయినా ఆయన మురిసిపోయాడే తప్ప కాదనలేదు. పెద్దమనిషి!

యాక్షన్ జరిగిన ఏడే షంషీర్ పోయాడు. అక్బర్ బీ భర్త సర్కారు కొలువూ పోయింది. ఇల్లు ఆమె పాటల మీద పడ్డప్పుడు షంషీర్ మేనల్లుడు వలీ నోటీసు పంపాడు. పాట తన మామదట, తన అనుమతి లేకుండా ఎవరూ పాడకూడదట.

రెజిమెంటల్ బజార్‌లో మధుసూదన్ వకీలు దగ్గర నేను గుమాస్తాని. ఆమె నోటీసు పట్టుకుని మా దగ్గరికే వచ్చింది.

"నాకేం ఇప్పియ్యకుండ్రి సాబ్. నా పాట నన్ను పాడుకోనియ్యమనుండ్రి, చాలు."

మేం దావా వేశాం. పాట కట్టింది ఆమేనని అదాలత్‌లో తొమ్మిదిమంది ఆడవాళ్లు సాక్ష్యం చెప్పారు. వలీ వకీలు రికార్డు పెట్టించాడు. పాట అయిపోయింది, చివర ఆ మాట వినిపించింది. జడ్జి, "గొంతు ఎవరిది?" అన్నాడు.

"కంపెనీవాళ్లు చెప్పమంటే చెప్పిన అను" అని మా వకీలు ముందే నేర్పాడు. ఆమె నేర్చుకోలేదు.

"నాదే సాబ్. నేనే చెప్పిన."

దావా అక్కడే పోయింది.

రెండేళ్ల తర్వాత మల్కాజ్‌గిరిలో ఒక పెళ్లికి వెళ్లాను. అక్బర్ బీ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. గ్రామఫోన్ మీద ఆ పాటే మోగుతోంది.

"ఎవలు కట్టిన్రో గని మస్తుగున్నది" అంది పక్కనామె.

"నేనే కట్టిన" అంది అక్బర్ బీ. ఉస్తాద్ పేరు పక్కనపెట్టి ఆ మాట అనడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంతలో పాట ముగిసి, రికార్డులోంచి షంషీర్ పేరు వినిపించింది. పక్కనామె నవ్వింది.

"ఇగో, పాడినామెనే చెప్తున్నది గదమ్మా, ఉస్తాద్‌దని."