మంటలేని పుండు

కల్లాల కాలం వచ్చిందంటే నా మందుల షాపు షట్టరు ఎత్తగానే ముందు తుమ్ము వస్తుంది. రోడ్డు పక్కన ఆరబోసిన మిరపకాయల ఘాటు కౌంటరు మీది కాగితాలకు కూడా పట్టేస్తుంది. కళ్ళు తుడుచుకుంటుంటే చూసినవాళ్ళు ఘాటుకే అనుకుంటారు. నేనూ కాదనను. కానీ ఏటా ఆ మొదటి తుమ్ముతోనే నాకు మస్తాన్‌గారు గుర్తొస్తారు.

ఆయన వినుకొండలో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కాంపౌండరు. మా ఊళ్ళో షాపు పెట్టుకోకముందు నాలుగేళ్ళు ఆయన కింద పనిచేశాను. చెప్పుకోలేని చోట పుండు లేచిన మగవాళ్ళు అక్కడికి తలలు దించుకుని వచ్చేవాళ్ళు. డాక్టరు ముందుకు వెళ్ళేలోపు తెర వెనక వాళ్ళ సిగ్గు వదిలించడం మస్తాన్‌గారి పని. మా వైపు మగవాళ్ళందరిదీ ఒకటే కథ. కాయలు కోసిన చేతులు కడుక్కోకుండా ఒంటికి వెళ్ళాం, కారం తగిలింది అనేవాళ్ళు. నిజంగానే అలా తగిలి గంతులేసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు కాబట్టి ఆ అబద్ధం చక్కగా అతికేది. ఆయన దగ్గర మాత్రం అతికేది కాదు.

"కారం మంట పెడద్దిగానీ పుండు పెడద్దా? నా ముందరా నీ కతలు? లుంగీ తియ్యి" అని గదమాయించేవారు. చూసేటప్పుడు మాత్రం పల్లెత్తు మాట అనేవారు కాదు.

వాళ్ళు వెళ్ళాక నాకు పాఠం. నీటిపొక్కులు గుంపుగా లేచి, చిట్లి మండి, తగ్గి, మళ్ళీ అదే చోట లేస్తే హెర్పిస్ అనుకోమనేవారు. మెత్తగా, అంచులు చిరిగినట్టుండి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పితో గజ్జల్లో బిళ్ళ కడితే అది వేరే జబ్బు. ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే గజ్జి. ఒకతనికి జ్వరం మాత్ర వేసుకున్న ప్రతిసారీ అదే చోట నల్లగా కమిలేది. ఆ మాత్ర మానిపించి పంపించారు. ఇంకొకాయనకు ముందుతోలు పగుళ్ళు చూసి షుగరు పరీక్ష రాయించారు. ఎంతకీ మానకుండా పెరిగే పుండయితే క్యాన్సరేమోనని గుంటూరు తరిమేవారు.

"ఈళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుకొస్తార్రా, మండుద్ది కాబట్టి. నువ్వు భయపడాల్సింది మండని పుండుకి. మామూలుగా ఒక్కటే లేస్తది, గట్టిగా ఉంటది, నొప్పుండదు. మందెయ్యకపోయినా కొన్ని వారాలకి అదే మానిపోద్ది. రోగం మాత్రం లోపలికి పోయి కూర్చుంటది. అదీ సిఫిలిస్ అంటే. పెళ్ళానికి పోద్ది, ఆమె కడుపులో బిడ్డకి పోద్ది. కళ్ళు సగమే చెప్తయ్, మిగతాది రక్తపరీక్ష చెప్పాల. చూడకుండా మాత్రం ఎవడి చేతికీ మందియ్యమాక."

కొన్నేళ్ళ కిందట, మిరప మొదటి కోత రోజుల్లో ఒక మధ్యాహ్నం మా బావ షాపుకొచ్చాడు. మా అక్కకు పెళ్ళయిన ఆరేళ్ళకు కడుపు నిలిచింది, అప్పుడు నాలుగో నెల. బావ గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలుకెళ్ళి రెండేసి రోజులు అక్కడే ఉండిపోయేవాడు. కౌంటరుకు ఆనుకుని రోడ్డు వైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, కారం చేతుల్తో ఒంటికెళ్ళా. చిన్న పుండు లేచింది. ఏదన్నా ఆయింట్‌మెంటియ్యి."

"మంటగా ఉందా బావా?"

"మంటేం లేదురా."

"అయితే పర్లేదులే."

నాలుగేళ్ళ చదువు ఆ రెండు మాటల్లో బూడిదలో పోసిన పన్నీరయింది. నా షాపులోనూ తెర ఉంది. కానీ మా ఇంటి అల్లుణ్ణి దాని వెనక్కి రమ్మని లుంగీ తియ్యమనడానికి నాకు నోరు రాలేదు. చూస్తే యార్డు సంగతులు అడగాలి, అడిగాక అక్క ముఖం చూడాలి. ట్యూబు కాగితంలో చుట్టి ఇచ్చేశాను. మూడు వారాల తర్వాత బావ వచ్చి "తగ్గిపోయిందిరా, నీ హస్తవాసి మంచిది" అన్నాడు. సిగ్గులేకుండా సంతోషించాను.

ఎండలు ముదిరాక, ఏడో నెల దాటుతుండగా, అక్క కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో ఏమీ లేదు. ఇప్పుడు చేస్తే సిఫిలిస్ బయటపడింది. ఆ కాగితం పట్టుకుని మస్తాన్‌గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చదివి, మడిచి, చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

"మీ బావకి పుండేమన్నా లేచిందా?"

తలూపాను.

"నువ్వు చూశావా?"

"లేదండీ. మంట లేదన్నాడు."

చెంప పగలగొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన స్టూలు మీద కూలబడి, "పుండ్లు చూడటం నేర్పాగానీ, సొంతోళ్ళనెట్టా అడగాలో నీకు నేర్పలేదురా. నాది తప్పు" అన్నారు. కాగితం నా చేతికిచ్చి, "మీ బావ చేత మీ అక్కకి చెప్పించు. లేకపోతే బిడ్డ తనవల్లే పోయిందనుకుంటది" అన్నారు.

బావ ఏడ్చాడు, ఇద్దరూ ఇంజెక్షన్లు చేయించుకున్నారు. అక్కకు మాత్రం ఏదో రక్తంలో ఇన్‌ఫెక్షనన్నాడు. చెబితే అక్క బతకదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను వేశాను. తర్వాత కలిసినప్పుడల్లా మస్తాన్‌గారు "చెప్పాడా?" అని అడిగేవారు. "ఇంకా లేదండీ" అనేవాణ్ణి. రెండేళ్ళ కిందట పోయేముందు ఆయన మంచం మీద చివరిసారి అడిగిందీ అదే, నేను చెప్పిందీ అదే.

ఇప్పుడు ఎవరు పుండని వచ్చినా, మంట లేదంటే తెర వెనక్కి తీసుకెళ్ళి చూస్తాను, వినుకొండ పంపుతాను. తిట్టి వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. ఎంతమందిని పంపినా ఆ పిల్ల తిరిగి రాదు. అక్కకు మళ్ళీ కడుపు పండలేదు.

మొన్న అక్క తలనొప్పి మాత్రలకు వచ్చింది. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆరబోసిన కాయలకు దూరంగా రోడ్డు అవతల నిలబడి పిలిచింది. మాత్రలు తీసుకెళ్ళి ఇచ్చాను.

"అత్తయ్య వద్దంటున్నా తాలుకాయలు ఏరడానికి కల్లంలోకి పోయానురా. ఆ ఘాటుకే నా బిడ్డ ఊపిరాడక పోయింది. ఇంకెవర్ననాలి?" అంది. ఏటా ఇదే మాట అంటుంది.

నాకు కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"ఈ యేడు ఘాటెక్కువుంది కదరా" అంది.

"అవునక్కా" అన్నాను.