నాలుక కింద లవంగం

మా పాపకు దగ్గొచ్చిందని లవంగాలు వేయిస్తుంటే, ఆ ఘాటుకు బంగారు గనులున్న ఊరిగాంలో ఉండే మా తాత గుర్తొచ్చాడు.

అప్పుడు నేను హైస్కూల్లో క్యాడెట్‌ని. క్యాడెట్లకిచ్చే స్కాలర్‌షిప్ వస్తేనే నాకు పై చదువు. తీరా ఇంటర్వ్యూ రోజే ఆగని దగ్గు పట్టుకుంది. గనిలో పనిచేసి రిటైరైన తాత తన చొక్కా జేబులోంచి లవంగం తీసి నా చేతిలో పెట్టాడు.

"నాలిక కింద పెట్టుకోమ్మా. దగ్గినావంటే ఇంటికి పంపించేస్తారు."

ఆఫీసరు ముందు అటెన్షన్‌లో నిలబడ్డాను. నాలుక మండుతోంది, గొంతు గరగరలాడుతోంది. ఆయన నా పేరడిగినా నోరు తెరవలేదు. చివరికి ఆపుకోలేక దగ్గేశాను. లవంగం వెళ్లి ఆయన బల్ల మీద పడింది. అంతా అయిపోయిందనుకున్నాను.

"నీళ్లు తాగి నిదానంగా చెప్పమ్మా" అన్నాడాయన.

స్కాలర్‌షిప్ వచ్చింది. దగ్గినా పంపించెయ్యలేదని తాతకు చెప్పాను.

"గనిలో డాక్టరు ముందర దగ్గితే పని పోతాదని మాకు బయం. అంతటా అట్లే ఉంటాదనుకుంటినమ్మా."

ఆయన జేబులో లవంగాలు లేని రోజు నాకు గుర్తులేదు. ఆ వాసన ఆయనకిష్టమనుకునేదాన్ని.