మావయ్య తోడుపెట్టిన తొట్టె

మావయ్య పోయాడని ఫోను వచ్చేసరికి నేను దువ్వాడ స్టేషనులో బండి కోసం నిలబడి ఉన్నాను. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఏడుపు తర్వాత వచ్చింది. ఇక నన్ను వింత వింత ప్రశ్నలు అడిగేదెవరని ముందు అనిపించింది.

మీరు స్నానం చేసిన నీళ్లు ఎటు పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? మావయ్యకు అదే ధ్యాస. విశాఖలో మురుగునీటి శుద్ధి కేంద్రంలో సూపర్‌వైజరు. పెళ్లిభోజనానికి వెళ్లినా చెయ్యి కడుక్కుని కాలవలోకి తొంగిచూసేవాడు. అత్తయ్య తల పట్టుకునేది.

"ఇక్కడ కూడా ఆ మురుగు గోలేటి?"

"మురుగేటే? నిన్న నువ్వొండిన పప్పుసారే గదా!"

ఊరు పెరిగి పాత కేంద్రం చాలక, పక్కనే పెద్ద తొట్టె కట్టారు. మురుగులోని మలినాన్ని తినే సూక్ష్మజీవులు అందులో పెరగాలి. అందుకని పాత తొట్టెలోని బురద కొంత తెచ్చి కలిపారు. "పాలకి తోడెట్టినట్టేనే" అన్నాడు నాతో.

తోడు బాగానే అందుకుంది. ఇంతలో ప్రారంభోత్సవం వచ్చింది. పెద్దలకు వాసన తగలకూడదని మావయ్య గట్లన్నీ ఫినాయిలుతో కడిగించి, బస్తాలకొద్దీ బ్లీచింగు చల్లించాడు. అదంతా తొట్టెలోకే దిగింది. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. మర్నాటికి జీవులన్నీ పోయి తొట్టె చచ్చిపోయింది.

"నా సేత్తో నానే సంపేసినానే" అన్నాడు ఫోనులో.

పాత తొట్టెను ఆ వారమే ఖాళీ చేసి పడగొట్టాలి. అదీ పోతే మళ్లీ మొదటినుంచి పెంచడానికి నెలలు పడతాయి. అందాకా ఊరి మురుగు సముద్రంలోకే. వలలేసేవాళ్ల ముఖం ఎలా చూడాలని కుమిలిపోయాడు. ఇంజనీరు దగ్గరకెళ్లి తప్పు తనదేనని చెప్పి, కూల్చడం ఆపమని బతిమాలాడు. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆపించాడు. ట్యాంకర్లతో మళ్లీ బురద తోలారు. మావయ్య అన్నం కూడా గట్టుమీదే తిన్నాడు.

ఓ ఉదయం నన్ను రమ్మన్నాడు. ల్యాబులో కిటికీ పక్కన మైక్రోస్కోపు, దాని కింద కొత్త తొట్టెలోని నీటిచుక్క. తను ఇంకా చూడలేదట, మళ్లీ చచ్చాయేమోనని భయమేసిందట. కన్ను ఆనించాను. సన్నటి కాడ మీద గంటలాంటి జీవి ఒకటి, ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటోంది.

"ఏటి సేత్తందే?"

"నోరు తెరుత్తంది మావయ్యా."

"తింటందా! తిననీ... తిననీ..."

కిటికీలోంచి ఎండ నా కంట్లో పడుతోందని అరచెయ్యి అడ్డం పెట్టాడు. అలా పట్టుకునే నిలబడ్డాడు, తన వంతు అడగకుండా.