ఈ ఏటి ఆవకాయ ఈ ఏడే

బుజ్జులూ, వానలొచ్చేశాయమ్మా.

మా అమ్మాయి, మా బుజ్జులు, పోయింది. మొదటి వాన పడిన రోజు మధ్యాహ్నం పోయింది. ఆసుపత్రిలో కాదు, మా రైల్వే క్వార్టరు వరండాలో, తన మంచం మీదే. రాయ్‌పూర్‌లో ఉన్న మన సంఘం వాళ్ళందరూ వచ్చారు. దూరాన ఉన్నవాళ్ళు అసలేం జరిగిందని ఉత్తరాలు రాస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేంత చదువు నాకు లేదు. అందుకని అందరికీ కలిపి మన సంఘం పత్రికలో ఇలా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఏడ్చాను, ఇంకా ఏడుస్తున్నాను. కాని ఆ ఏడుపు అడుగున మనసు తేలిగ్గా ఉంది. పెద్ద బరువేదో ఎవరో వచ్చి నెత్తిమీంచి దించినట్టుంది. కూతురు పోయిన తల్లి ఇలా అనవచ్చో లేదో నాకు తెలియదు. ఎందుకంటున్నానో విన్నాక మీరే చెప్పండి.

మా అమ్మాయి నర్సు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. తగ్గిపోయిందనే అనుకున్నాం. అది వెళ్ళి గుండెలో కూర్చుందని తను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి గాని తెలియలేదు. ఆ తరువాత రైలు పాసు మీద నాగపూర్ ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఉప్పు మానెయ్యమన్నారు. నీళ్ళు కొలుచుకుని తాగమన్నారు. ఇక్కడి ఎండల్లో నీళ్ళు కొలుచుకుని తాగడం! ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అలాగే పట్టుకుని కూర్చునేది.

"ఏమే, నీళ్ళు నములుతున్నావా?" అనేవారు వాళ్ళ నాన్న, నవ్విద్దామని. నవ్వితే ఆ గుక్క కాస్తా బయటికి పోతుందని తను చేత్తోనే ఆయన్ని బెదిరించేది.

తను ఉప్పు మానేస్తే మేం తినగలమా? ఇంట్లో ముగ్గురికీ చప్పిడి కూరలే. పక్క క్వార్టరులో ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉంది. మా అమ్మాయి ఆవిణ్ణి కాకీ అనేది, మన పిన్ని అన్నట్టు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు బాగున్నావా అని అడగరు, ఏం కూర వండావని అడుగుతారు. ఆవిడ రోజూ గోడ మీంచి తొంగి చూసి, "కా సాగ్ రాంధే హస్ ఓ?" అనేది. మా అమ్మాయి నాకంటే ముందే జవాబిచ్చేది. "వహీ కాకీ, బినా నమక్ వాలా!" ఏ కూరైతేనేం, ఉప్పు లేని కూర. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను పొయ్యివైపు తిరిగిపోయేదాన్ని.

తను డ్యూటీకి వెళ్ళగలిగిన రోజుల్లో నేను అన్నం కారియరు పట్టుకుని వార్డుకి వెళ్ళేదాన్ని. అక్కడ తన పద్ధతి చూడాలి. ఏ రోగి అయినా మందు అడిగితే, "దవాయీ బాద్ మే. పహలే బతావో, ఖానా ఖాయా?" అనేది. మందు తరువాత, ముందు అన్నం తిన్నావా అని. తినలేదంటే ఊరుకోదు. ఒకసారి ఒక ముసలాయన మొహం అటు తిప్పుకుని, ఇంట్లో కోడళ్ళకంటే నువ్వే ఎక్కువైపోయావని సణిగాడు. "నా చేతిలో సూది ఉంది బాబా, కోడళ్ళ చేతిలో ఉందా?" అంది. ఆయన రొట్టె తుంచాడు. ఇంటికొచ్చినా అదే తీరు. చెప్పులు విప్పకుండానే, "అమ్మా, తిన్నావా?" తినలేదని చెప్పడానికి నాకు భయంగా ఉండేది. తిన్నానని చెబితే గిన్నెలు చూసి పట్టేసేది.

మా ఇంట్లో ఇంకో అలవాటుంది. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఉండే ఉంటుంది. మామిడిపళ్ళు తెస్తే మచ్చ పడ్డవి ముందు తినాలి, మంచివి తరువాతకి ఉంచాలి. ఈ లోపల ఆ మంచివాటికీ మచ్చలొస్తాయి. మా అత్తగారు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. ఆవకాయా అంతే. పాత జాడీ ఖాళీ అయితేగాని కొత్త జాడీకి కట్టిన గుడ్డ విప్పేదాన్ని కాదు. ఎప్పుడూ పోయినేటిదే తినడం. తను ఉప్పు మానిన దగ్గర్నుంచి పాత జాడీ ముట్టేవాళ్ళు లేరు. అయినా ఏటా కొత్తది పెట్టేదాన్ని. పెట్టడం మానేస్తే ఇంట్లో జబ్బుకి ఓడిపోయినట్టు ఉంటుందని.

ఈ వేసవి మొదట్లో నాగపూర్‌లో పెద్ద డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి మాట్లాడారు. ఆపరేషనుకి వేళ దాటిపోయిందన్నారు. ఇంటికి తీసుకెళ్ళండి, ఇకమీదట తనకి ఏది ఇష్టమైతే అది కొంచెం కొంచెంగా పెట్టండి అన్నారు. తిరుగు రైలులో ఆ మాట నాకెలా చెప్పాలో తెలియక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మా అమ్మాయే చెప్పింది. నర్సుకి దాచేదేముంది. చెప్పి, "అమ్మా, ఇక నాగపూర్ వద్దు. ఈ వేసవి అయ్యేదాకా ఇంట్లో ఉందాం" అంది. సెలవులకి ఊరెళదాం అన్నంత మామూలుగా అంది.

ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. ముక్కలు కొట్టించి తెచ్చారు. తుడిచి ఆరబెట్టాను. తన మంచం వరండాలో, కూలరు ఎదురుగా ఉంది. వట్టివేళ్ళ తడి వాసనలో ఆవపిండి ఘాటు కలిసిపోయింది. పెద్ద బేసినులో కలిపి జాడీకి ఎత్తేశాను. బేసిను అంచుకి ఎర్రగా పిండి, నూనె అంటుకుని ఉన్నాయి. కడగడానికి తీసుకెళుతున్నాను.

"అమ్మా, అందులో వేడన్నం వేసి కలపవే."

నేను వినబడనట్టే నడిచాను.

"ఒక్క ముద్ద. ఈ ఏటి ఆవకాయ ఈ ఏడే తినాలనుంది."

"ఊపిరాడదే తల్లీ."

"ఇప్పుడేమన్నా ఆడుతోందా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "పెట్టు" అన్నారు.

నా చేతులవైపు చూసుకున్నాను. ఇన్నేళ్ళూ ఉప్పు రవ్వ ఎక్కడ పడుతుందోనని కాపలా కాసిన చేతులవి. పెడితే ఏమవుతుందో, నేను పెట్టిన ముద్దే ఆఖరి ముద్ద అవుతుందేమో. పెట్టకపోతే, ఆశపడి అడిగింది పెట్టకుండా పంపిన తల్లినవుతానేమో. రెండు భయాలూ రెండు పక్కల నిలబడ్డాయి. అన్నం తెచ్చి బేసినులో వేశాను. కలిపి చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టాను.

కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఘాటు ముక్కుకెక్కింది. "ఓరి నాయనో" అని తల పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుకి ఆయాసం వచ్చింది, ఆయాసంలోనే రెండో ముద్దకి నోరు తెరిచింది. "వార్డులో అందర్నీ ఉప్పు వద్దని తిట్టాను కదే అమ్మా. నన్ను చూస్తే తంతారు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదని చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే లేచి కూర్చుని పళ్ళు తోముకుంటోంది. ముందు రోజు ఎంత ఆయాసం ఉందో అంతే ఉంది. అప్పుడు వదిలాను నేను ఊపిరి. గోడ మీంచి కాకీ కూర సంగతి అడగ్గానే, "ఆజ్ నమక్ వాలా, కాకీ! నమక్ వాలా!" అని అరిచింది. ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు కంచు గిన్నెలో బాసీ తెచ్చింది, నీళ్ళలో నానిన మన చద్దన్నం లాంటిదే. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా అమ్మాయి ఆ చల్లని గిన్నె ముందు బుగ్గకి ఆనించుకుంది. తరువాత తిన్నది.

అక్కణ్ణుంచి వానలొచ్చేదాకా మా ఇంట్లో వేసవి అంటే ఏమిటో చూశాం. అన్నీ కొంచెం కొంచెమే, డాక్టరు చెప్పినట్టే. పొద్దున్నే కుళాయి వచ్చే వేళ తడి తువ్వాలు మెడకి చుట్టమనేది. మధ్యాహ్నం తలుపులు మూసి, రేడియో చిన్నగా పెట్టి, చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనించి కూర్చునేది. సాయంత్రం నీళ్ళు చల్లిన వాకిట్లోకి మంచం లాగితే, వెళ్ళే రైళ్ళ కూత విని అది ఎటు పోయే బండో నాన్నతో పందెం వేసేది. ముప్ఫై ఏళ్ళు రైల్వేలో చేసిన మనిషి ఓడిపోయేవారు, కావాలనే అనుకుంటాను. ఓడినందుకు గుప్‌చుప్‌లు, అదే పానీపూరీలు, తేవాలి. ఆ నీళ్ళు వేరే గిన్నెలో పట్టుకుని, ఒలికించుకుంటూ, చొక్కా తడుపుకుంటూ వచ్చేవారు. తను ఒక్కటి తిని, తక్కినవి మా ఇద్దరిచేతా తినిపించేది.

మామిడిపళ్ళు తెచ్చినప్పుడు అలవాటు కొద్దీ మచ్చలున్నవి తీసి తన ముందు పెట్టాను. వాటిని పక్కకి తోసేసింది. "మచ్చలవి ముందు తింటే, మంచివాటికి మచ్చలొచ్చేదాకా కాపలా కాసినట్టేనమ్మా. దాన్ని ఇటివ్వు" అంటూ అన్నిటికంటే మంచి పండు చూపించింది. ఇచ్చాను. చెంప మీద రసం కారుతుంటే తుడవనివ్వలేదు.

ఆ రోజు పొద్దుటినుంచి మబ్బు పట్టింది. ఊపిరి బాగా బరువుగా ఉంది. మధ్యాహ్నానికి వాన మొదలైంది, మట్టి వాసన వరండా అంతా నిండింది. లంగడా మామిడిపండు కోసి చిన్న చిన్న ముక్కలు పెట్టాను. రెండు తిన్నది. మూడోది చేత్తో నా వైపే తిప్పింది.

"నువ్వు తిన్నావా?"

"తింటాలే."

"గిన్నెలు కదిపిన చప్పుడు వినలేదు నేను. వెళ్ళి తిను. నాకు కనబడేలా కూర్చుని తిను."

గుమ్మంలో కూర్చున్నాను. పళ్ళెంలో అన్నం, కొత్త ఆవకాయ. నేను కలుపుతుంటే చూస్తోంది, ముద్ద నోట్లో పెట్టుకుంటే చూస్తోంది. ఇంకొంచెం కలుపుకోమని కళ్ళతోనే అంది. కలుపుకున్నాను. ఆయన తన తల దగ్గర కూర్చుని ఉన్నారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. నిద్రే అనుకున్నాం. మొహంలో ఎక్కడా కష్టం లేదు. పెదవి చివర మామిడి రసం ఉంది.

ఆకలితో పోలేదు నా బిడ్డ. నన్ను ఆకలితో వదిలీ పోలేదు. నా మనసు ఎందుకు తేలిగ్గా ఉందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

తను పోయాక పెట్టిన ఆదరణ కూడిక నాడు వచ్చినవాళ్ళకి భోజనంలో కొత్త జాడీయే విప్పి వడ్డించాను. పాతవి అటక మీద అలాగే ఉన్నాయి. ఇది రాస్తుంటే వాన పడుతోంది. బేసిను చూరు కింద పెట్టి మరిచిపోయాను, నిండి పొర్లుతోంది. కాకీ గోడ అవతల నిలబడి, ఏం కూర వండావని అడుగుతోంది. లేచి వెళ్ళి చెప్పాలి, వండాలి కూడా.

మీరు ఇది ఏ వేళప్పుడు చదువుతున్నారో నాకు తెలియదు. ఇంకా భోజనం చెయ్యకపోతే కాగితం పక్కన పెట్టండి. లేచి వెళ్ళి కడుపునిండా తినండి.