తాలు గింజలు

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఈ సంగతి వాళ్ళ అమ్మలకు కూడా నేను ఎప్పుడూ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు.

మా ఊరు తిరుచానూరుకు కూతవేటు దూరం. ఇంటి ముందు నుంచే బాట. అమ్మవారి గుడికి పోయే బండ్లూ జట్కాలూ పొద్దంతా గంటలు మోగించుకుంటూ పోయేవి. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బాట మీదే ఆట, ఆ బాట మీదే బడి. అలాంటిది ఒక చలికాలంలో నేను పెద్దమనిషినయ్యాను. అంతే, బడి మానిపించారు. వీధి వాకిలి మానిపించారు. ఆఖరికి అరుగు మీద కూర్చోవడం కూడా మానిపించారు. పెళ్ళయ్యేదాకా ఇల్లు దాటకూడదు, అదీ మాట. తప్పు చేసినవాళ్ళను జైల్లో వేస్తారని విన్నాను గానీ, ఎదిగినందుకు వేస్తారని నాకు అప్పుడే తెలిసింది.

జట్కా గంట వినబడితే చాలు, అందులో ఎవరున్నారో చూడాలని ప్రాణం కొట్టుకునేది. తలుపు సందులో కన్ను పెట్టేలోపే వెనకనుంచి మా అత్త గొంతు వినబడేది. ఈ అత్త మా నాయనకు అక్క. నేను పుట్టకముందే, తాను ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. అప్పుడు మా అమ్మ పురుటికని ఏర్పేడు పక్కన తన పుట్టింటికి వెళ్ళి ఉంది. అందుకని ఇంటి పెత్తనమంతా అత్తదే. ఆమె కళ్ళు కప్పి ఆ ఇంట్లో చీమ కూడా దూరేది కాదు, ఇంక నేనెంత!

నాకు మిగిలింది పెరడు ఒక్కటే. చుట్టూ ఎత్తు మట్టిగోడలు, వాటి మీద ముళ్ళకంప, ఒక గిలకబావి, చివర పశువుల కొట్టం. బయట లోకం కనబడదు గానీ ఆకాశం కనబడేది. నేను పొద్దున లేచీ లేవగానే పెరటి తలుపు తీసుకుని పోయి బావి దగ్గర నిలబడి కాసేపు పైకి చూసేదాన్ని. అట్లా చూడకపోతే ఆ రోజు ఊపిరాడనట్టే ఉండేది.

యుద్ధం రోజులు. సంతలో కూరగాయలు దొరకడం గగనమైపోయింది. శివరాత్రి దగ్గరపడి ఎండ కాస్త చురుక్కుమనగానే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పెరట్లో కూరగాయలు వేస్తానని పార పట్టుకుంది. నాకు పండగైంది. నేల తవ్వడం, రాళ్ళు ఏరడం, మడులు కట్టడం, వంగ నారు పోయడం, సొరకూ బీరకూ పాదులు చేయడం, అన్నిటికీ అవ్వ వెనకే తోకలా తిరిగాను. అవ్వ గింజ పెట్టేటప్పుడు మాత్రం అత్త దూరంగా నిలబడేది. మొగుడు పోయినవాళ్ళ చేతితో విత్తనం పెట్టకూడదట. అవ్వకైతే ఆ అడ్డు లేదు, పొలం దగ్గర గుడిసెలోనే ఉండే మా తాత అప్పటికి బతికే ఉన్నాడు. ఎరువు మోయడానికి మాత్రం ఆ చెయ్యి పనికొచ్చేది. అప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మడులు సిద్ధమయ్యాయో లేదో, నాకు మూడు రోజులు బయట కూర్చునే సమయం వచ్చింది. మా ఇంట్లో బయటంటే పశువుల కొట్టం. ఆ మూడు రోజులూ నేను తోట వైపు తిరగకూడదని అత్త కట్టడి చేసింది. ముట్టుదాని నీడ పడితే మొక్క మాడిపోతుందట. అందులోనూ పొట్లపాదు మరీ సుకుమారమట, అల్లంత దూరాన గాలి సోకినా కుళ్ళిపోతుందట. అందుకని కొట్టానికి వెనకవైపు, గోడకు ఎదురుగా, తోటకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆ గోడకూ కొట్టం చూరుకూ మధ్య బారెడు నేల ఉండేది. పొద్దస్తమానం ఆ గోడనే చూస్తూ కూర్చోవాలి. వెనకాల గిలక చప్పుడు, అవ్వ నీళ్ళు పోస్తున్న చప్పుడు. నా ఒళ్ళే నాకు విషమైపోయినట్టనిపించి ఏడ్చాను. మడి దగ్గర పోయిన వారం నేను ఏరిన రాళ్ళకు కూడా నా పాపం అంటిందేమో అని భయపడ్డాను. అంత గట్టిగా నమ్మాను.

మధ్యాహ్నం అవ్వ అన్నం తెచ్చి బండ మీద పెట్టింది. పక్కన టెంకాయ చిప్పలో ఏవో గింజలు కూడా పెట్టింది.

"ఇవి తాలు గింజలుమే. మొలిసేవి గాదు, పారేసేవే. నీకు పొద్దు పోకుంటే ఈ సూరు కింద గుంత తీసి పడెయ్యి. సెంబుడు నీళ్ళు పొయ్యి, కాలచ్చేపమన్నా అవుతుంది" అంది.

ఎట్లాగూ చచ్చిన గింజలు, నా చెయ్యి వాటినేం చేస్తుందిలే అనుకున్నాను. కర్రపుల్లతో గుంట తవ్వాను. కొట్టంలో మాగిన పేడ మట్టిలో కలిపాను. అవ్వ చేసినట్టే గింజ మొనను కిందికి పెట్టి మట్టి కప్పాను. ఉత్తుత్తి తోటపని, చిన్నపిల్లలు బొమ్మకు అన్నం పెట్టినట్టు. ఆ మూడు రోజులూ వాటికి నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఎందుకో ఏడుపు తగ్గింది.

స్నానం చేసి ఇంట్లోకి వచ్చాక కూడా పేడ ఎత్తే నెపంతో అటు పోయి చూసుకునేదాన్ని. ఆ మూల మైల మూల కాబట్టి అత్త అటు అడుగు పెట్టేది కాదు. ఒకరోజు మట్టి పగిలి పచ్చటి మొలక తల ఎత్తింది. పరిగెత్తుకుని పోయి అవ్వ చెవిలో చెప్తే, ఆమె వక్కాకు నములుతూ, "ఒగోసారి తాలువి గూడా మొలుస్తాయిలే. ఎవురితోనూ అనాకు" అని ఊరుకుంది. నెల తిరిగి మళ్ళీ నేను కొట్టంలో కూర్చునే వేళకు ఆ తీగ చూరు పట్టుకుంది, ఆ పై నెల కూర్చునే వేళకు కప్పు వెనక వాలు మీదికి పాకింది. నేను మళ్ళీ నీళ్ళు పోశాను. అది ఏ తీగో తెలియలేదు గానీ, తాలు గింజల తీగ కదా, దానికి మైలేమిటి అనుకున్నాను. ఆ గోడ ముందు కూర్చోవడం అప్పుడు నాకు మునుపటంత నరకంగా లేదు.

ఆ మూడు రోజుల్లోనే ముప్పు ముంచుకొచ్చింది. మడుల్లో నాటిన వంగ నారంతా ఆకులు మాడి, కాడలు వాలిపోయి నేల కరిచింది. అత్త చూసి పెద్దపెట్టున గొంతెత్తింది.

"నేను మొదుట్నించీ సెప్తానే ఉండా. ఇది ఇటు తిరిగి సూసింది. దీని నీడ పడింది!"

నేను చూడలేదని మొత్తుకున్నాను. ఎవరు వింటారు? మా నాయన పొలం నుంచి వచ్చి, "ఆడోళ్ళ యవ్వారం నాకెందుకబ్బా, మీరు మీరు సూసుకోండి" అని కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. అత్త తీర్పు చెప్పేసింది. ఇకమీద నేను ఖాళీగా పడున్న పాత వడ్ల గదిలో కూర్చోవాలి. మామూలు రోజుల్లో కూడా పెరట్లోకి రాకూడదు. పెళ్ళయ్యేదాకా పెరటి తలుపు నాకు మూసినట్టే.

వడ్ల గదికి కిటికీ లేదు. పట్టపగలే దీపం కావాలి. ఉన్న ఆ కాస్త ఆకాశం కూడా పోతుందని తెలిసేసరికి గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాను.

అక్కడినుంచే తొంగి చూస్తే అవ్వ మడిలోకి దిగింది. వంగి ఒక వంగ మొక్కను పెరికి, వేరు చూసి, దాన్ని అత్త చేతిలో పెట్టింది. వేరు నల్లగా కమిలి ఉంది. అంతకు ముందు వారమే అత్త తోట బాగా రావాలని గొర్రెల దొడ్డి నుంచి పచ్చి పెంట తెప్పించి, మాగనివ్వకుండానే గంపలకొద్దీ మడుల్లో పోయించింది. ఆ వేడికి వేళ్ళు కాలిపోయాయి. రైతు ఇంట పుట్టిన మనిషికి అది చెప్పాలా? అత్త మొహం పాలిపోయింది.

తర్వాత అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి, నా దగ్గరికే, లాక్కొచ్చింది. అత్త రానని గింజుకుంది గానీ అవ్వ వదల్లేదు. అక్కడ కప్పు వాలు నిండా తీగ అల్లుకుని ఉంది. అంచులు దారాలు తీసినట్టున్న తెల్లటి పూలు అప్పుడే, సందవేళకు, మొదటిసారి విచ్చుకుని ఉన్నాయి. పొట్లపూలు. వాటిని ఎరగనివాళ్ళు మా వైపు ఎవరూ ఉండరు.

"నువ్వు పోయినేడు బూడిదలో దాసిన గింజలే. అన్నిట్లోకీ మంచివి ఏరి నేనే ఇచ్చినా. తాలువని అబద్ధం సెప్పినా, లేకుంటే ముట్టదు గదా ఇది. పెట్టింది ఇదే. ఆ మూడు దినాల్లోనే పెట్టింది, ఆ మూడు దినాల్లోనే నీళ్ళు పోసింది. యాడ కుళ్ళిందో సూపించు" అంది అవ్వ.

నేను నోరు వెళ్ళబెట్టాను. ముందు అవ్వ మీద కోపం వచ్చింది, నన్ను ఇంత మోసం చేసిందా అని. ఆ వెంటనే నా చేతుల వైపు చూసుకున్నాను. ఇన్ని పూలూ ఈ చేతులవే అనుకునేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అత్త మాత్రం ఒక పువ్వు దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. తన తల్లి మొహంలోకి చూసి, "మరి నా సెయ్యి?" అని అడిగింది.

ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ నా మీద కావలి కాసిన మనిషి, నాకంటే ముందు నుంచీ అదే గోడల మధ్య ఉందని, ఆమెకు కట్టిన గోడలు ఇంకా ఎత్తైనవని నాకు అప్పుడు తట్టింది. అవ్వ కళ్ళు తుడుచుకుని, బొడ్లోని తిత్తి విప్పి సొరగింజలు తీసి ఆమె అరచేతిలో పోసింది. ఇన్నేళ్ళూ నువ్వు కూడా గింజ పెట్టు అని అనలేకపోయినందుకు అవ్వ కూడా కుమిలి ఉంటుంది. నాకు గుంట తవ్వమని చెప్పింది. తవ్వాను. అత్త కింద కూర్చుంది. మొదటి గింజ ఆమె వేళ్ళలోంచి జారి పక్కన పడింది.

"మొలవకపోతేనో?" అంది.

"మొలవకపోతే ఇంగో గింజ పెడతావు. అంతే గదామే!" అంది అవ్వ.

పెరటి తలుపు ఎవరూ మూయలేదు. వీధి తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాన్ని తెరవడం అవ్వ వల్ల కూడా కాలేదు. మూడు రోజులు కొట్టంలో కూర్చోవడమూ తప్పలేదు, కాకపోతే గోడ వైపు తిరగమని మళ్ళీ ఎవరూ చెప్పలేదు. పొట్లకాయలు దిగాక మా నాయన రెండు మార్లు కూర అడిగి వేయించుకుని, తల్లి చెయ్యి మంచిదని మెచ్చుకున్నాడు. మేము ముగ్గురం కిక్కురుమనలేదు. అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆ వేసవి చివర్లోనే నాకు చిత్తూరులో పెళ్ళి చేసి పంపించారు. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు, అంతే తేడా. కాపురానికి వెళ్ళిన మొదటి నెలలోనే మా అత్తగారు నన్ను పెరట్లో దూరంగా కూర్చోబెట్టి, ఆ మూడు రోజులూ కరివేపాకు చెట్టు దరిదాపులకు పోవద్దని, పోతే చెట్టు ఎండిపోతుందని గట్టిగా హెచ్చరించింది. సరేనని తల ఊపాను. కొత్త కోడలిని, ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడిది? ఆమె లోపలికి పోయాక లేచాను. భయం లేదని అబద్ధం చెప్పను. అయినా పోయి రెండు చేతులతో ఆ చెట్టు మొదలు గట్టిగా పట్టుకున్నాను. ఆ నెలే కాదు, ప్రతి నెలా పట్టుకున్నాను. ఆ ఇంట్లో నేను కాపురం చేసినన్నాళ్ళూ పులుసులోకి ఆ చెట్టు ఆకే దూశాను. మా అత్తగారు ప్రతిసారీ దాని వాసన బాగుందనే అన్నది.