అమ్మవారు అడగని పుంజు

పిల్లలూ, నా గుండెల మీద ఒక కోడిపుంజు కూర్చుని ఉంది. ఎన్నేళ్లుగానో దిగటం లేదు. బతికున్నప్పుడు చంకలో పెట్టుకుని తిరిగేంత ఉండేది. ఇప్పుడు రుబ్బురోలంత బరువు. పోయిన మీ తాతకి కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరు దూరంగా ఉన్నారు కాబట్టి మీకు చెప్పటం కాస్త తేలిక. నవ్వొస్తే నవ్వండి. కానీ చివరిదాకా వినండి.

అప్పుడెప్పుడో నాకు విటమిన్ బిళ్లలు పంపారు, గుర్తుందా? నారింజ రంగువి. చప్పరిస్తే పుల్లపుల్లగా, తియ్యతియ్యగా ఉండేవి. "రోజుకొకటి అమ్మమ్మా, నీళ్లు బాగా తాగు" అని ఫోన్లో చెప్పారు. మీరు చెప్పింది అంతే. మనవలు ప్రేమతో పంపినవి రోజుకొకటేనా అనుకున్నది నేను. అన్నానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి, కాఫీ తోటకి పోతూ ఒకటి, ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ల ముందు ఒకటి. మనవలు పంపారని చూపించుకోవద్దూ? బిళ్ల బిళ్లకీ చెంబెడు నీళ్లు. బీపీ బిళ్ల ఎలాగూ వేసుకుంటున్నాను. బీపీ అన్నారని కూరల్లో ఉప్పు కూడా మానేశాను. కొన్నాళ్లకి తల తూలటం మొదలైంది. వాంతి వచ్చినట్టుండేది. ఒంటికి బలం పడుతున్నప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ఇంకో బిళ్ల వేసుకున్నాను.

మన పక్కిల్లు మీ చిన్నమ్మమ్మ సోములమ్మది. తాత తమ్ముడి భార్య, నా తోడికోడలు. దానికి ఒక ఎర్ర పుంజు ఉండేది. తల్లికోడిని అడవిపిల్లి ఎత్తుకుపోతే, మంచు కురిసే రోజుల్లో ఆ పిల్లని తన దుప్పట్లో పడుకోబెట్టుకుని పెంచింది. పిలిస్తే వచ్చేది. భుజమెక్కి కూర్చునేది. నేనంటే మాత్రం ఆ పుంజుకి లెక్కలేదు. ఎంత జాగా ఉన్నా వదిలేసి, నేను పట్టా మీద ఎండబెట్టిన కాఫీ గింజల మీదకే వచ్చి రెట్ట వేసేది. సంతలో షావుకారు గింజలు వాసన చూసి, తర్వాత నా మొహం చూసేవాడు. సోములమ్మతో చెబితే "నోరు లేని పచ్చి కదక్కా, దానికేటి తెలుసు" అనేది. తెలుసు. దానికి అన్నీ తెలుసు.

ఆ ఏడు చైత్రంలో ఇటుకల పండగ నాడు ఆడవాళ్లంతా ధింసా ఆడుతున్నారు. నేనూ వరసలో చేయి కలిపాను. కొండలు తిరిగాయి. డప్పుల మోత నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది. పడిపోయాను. పడి ఏదేదో మాట్లాడానట. మేకని వదినా అని పిలిచానట. ఎప్పుడో చచ్చిపోయిన మా నాన్నని అంబలి తాగి వెళ్లమన్నానట. అమ్మవారు పూనిందని ఎవరో అన్నారు. పసుపు నీళ్లు చల్లారు. ఇవేవీ నాకు గుర్తులేవు. నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నా, ఇక్కడిదాకా నా తప్పు లేదనే తేలుతుంది.

తర్వాతది నాదే.

పసుపు నీళ్లు మొహాన పడ్డాక కాసేపు తెలివి వచ్చింది. కళ్లు తెరిచాను. ఊరంతా నా ముందు చేతులు జోడించి నిలబడి ఉంది. నా గొంతు చిన్నదని మీకు తెలుసు. "గట్టిగా మాట్లాడు అమ్మమ్మా" అని మీరే అంటారు. కోడలిగా వచ్చిన నాటి నుంచి నా మాటకి ఇంట్లో పిల్లి కూడా చెవి ఒగ్గలేదు. అలాంటిది ఆ రోజు డప్పులు ఆపి మరీ చూస్తున్నారు.

"ఏటి కావాలి తల్లీ?" అని పూజారి అడిగాడు.

ఏమీ వద్దు, కళ్లు తిరిగాయి అనొచ్చు కదా? ఎందుకు అనలేదు? అంతమంది ఆశగా చూస్తుంటే ఏమీ వద్దనటం మర్యాద కాదనుకున్నానా? అలా అని నన్ను నేను చాలాసార్లు నమ్మించబోయాను. నమ్మలేదు. నా కళ్లు దడి మీదకి పోయాయి. పుంజు అక్కడుంది. మెడ సాచి నన్నే చూస్తోంది.

"ఎర్ర పుంజు" అన్నాను.

సోములమ్మే వెళ్లి దాన్ని తెచ్చింది. కొంగుతో దాని కాళ్లకంటిన మట్టి తుడిచింది. "నా పుంజునే అడిగింది తల్లి" అని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేను నోరు విప్పలేదు. వండాక కాలు నా విస్తట్లోనే వేశారు. తిన్నాను.

మర్నాడు నాకు ఫిట్స్ వచ్చాయి. జీపులో వేసుకుని ఆసుపత్రికి దించారు. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. "అన్నేసి నీళ్లు తాగినా పడిపోతుంది, బీపీ బిళ్లతోనూ పడిపోతుంది. ఆ విటమిన్ల పాత్ర కూడా ఉండొచ్చు, ఇదేనని కచ్చితంగా చెప్పలేం" అంది. విటమిన్లు ఆపించింది, బీపీ బిళ్ల మార్చింది. మీకు నీరసం అని చెప్పించాను. ఊరికి అదీ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి, అంత తల్లిని మొయ్యలేక ఒళ్లు అలిసిపోయిందని ఊరే ఒక మాట అనేసుకుంది. సోములమ్మ నా కాళ్లు కడిగింది. అప్పటినుంచి పండగ పండగకీ నా కాళ్లకి దండం పెట్టేది. పెట్టినప్పుడల్లా లోపల ఎవరో ముక్కుతో పొడిచినట్టుండేది. అయినా కాళ్లు వెనక్కి తీసుకున్నానా? లేదు.

మొన్న దాని ఇంటికి వెళ్తే అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన బిందెడు నీళ్లు. చేతిలో అవే నారింజ బిళ్లలు. సంత రోజున మందుల షాపులో కొనుక్కుందట.

"ఏటి సేత్తన్నావే?" అన్నాను.

"నువ్ తాగినట్టే తాగతన్నానక్కా. పండగొచ్చేత్తంది కదా. ఈపాలైనా తల్లి నా మీదకి రాదా అని."

"వొస్తే ఏటి సేత్తావే?"

"పుంజు నీ కాడ బాగుందా అని తల్లిని అడగాలి."

"నీ మీదకే వొస్తే నువ్వెలా అడుగుతావే?"

సోములమ్మ ఆలోచించింది. "నువ్ పక్కనుండి అడుగు. నాను సెప్తాను" అంది. తర్వాత సంతోషంగా, "పొద్దుట్నుంచి తల తిరగతందక్కా. బేగి వొచ్చేసేటట్టుంది" అంది.

ఇంకొక్క చెంబు తాగితే ఏమవుతుందో నాకు తెలుసు. బిందె తన్నేశాను. నీళ్లు గుమ్మందాకా పారాయి.

"తల్లి కాదే. తల్లి అడగలేదు. ఈ నీళ్లకీ బిళ్లలకీ ఒంట్లో ఉప్పు పడిపోయి ఏదేదో పేలాను. పుంజుని మాత్రం తెలివుండే అడిగాను. నానే అడిగాను."

అది దొర్లిన బిందెని తీసి నిలబెట్టింది. "కాలు నువ్వే తిన్నావు" అంది.

"తిన్నాను."

"బాగుందా?"

అబద్ధం చెప్పటానికి ఇంకొక అవకాశం వచ్చింది చూడండి, వదిలేశాను. "బాగుంది" అన్నాను.

సోములమ్మ లేవబోయి గోడ పట్టుకుంది. జీపు పిలిపించాను. ఘాటీ మలుపులన్నీ నా పక్కనే కూర్చుని, మొహం మాత్రం కిటికీ వైపు పెట్టింది. రక్తం పరీక్ష చేసి, సోడియం కొంచెమే తగ్గింది, సమయానికి తెచ్చారు అన్నారు. ఆ మాటకి కూడా నా వైపు తిరగలేదు.

పండగకి ముందే ఊరి పెద్దలకీ చెప్పాలి. ఏమంటారో తెలియదు. క్షమించమని ఎవరినీ అడగను. సోములమ్మని అసలే అడగను. కానీ నిన్న చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కాసేపు కునుకు పట్టింది. సోములమ్మ నాతో మాట్లాడటం లేదు. మా గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడల్లా ఆగి, గట్టిగా దగ్గి, నేను తలెత్తాక మొహం తిప్పుకుని వెళ్తోంది. మాట్లాడటం లేదని నాకు తెలియాలి కదా మరి. నేనూ ప్రతిసారీ తలెత్తుతున్నాను.