పిట్టగోడ లేని ముసాఫిర్‌ఖానా

పోయిన వారం కోరుట్ల రైల్వే స్టేషన్‌లో బండి కోసం కూర్చుని ఉన్నాను. ప్రహరీకి వెల్ల వేయడానికి వచ్చిన ఒకాయన డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశాడు. డ్రమ్ము బుసలు కొట్టింది. ఆవిరితో పాటు ముక్కు మండించే ఆ వేడి వాసన నా దాకా వచ్చింది. నన్నెవరూ ఏమీ అనలేదు, నావైపు ఎవరూ చూడనైనా లేదు. అయినా చేతిసంచి ఒళ్లోకి లాక్కున్నాను. ముప్పై ఏళ్లు దాటినా అంతే. సున్నం ఉడికే వాసన వస్తే నాకు మొదట భయం వస్తుంది, దాని వెనకాలే లింబయ్య మేస్త్రి వస్తాడు.

అప్పట్లో మా దిక్కు రైలు లేదు. జగిత్యాలకైనా కోరుట్లకైనా సిరిసిల్లకైనా బస్సే. మేడిపల్లి దాటి కొంత దూరం పోయాక రోడ్డు చీలే చోట నిజాం కాలం నాటి ముసాఫిర్‌ఖానా ఒకటి ఉండేది. రైలున్న ఊళ్లకు స్టేషన్ ఎలాగో, మాకు అది అలాగ. బస్సు తప్పినవాళ్లు, దుబాయి పోవడానికి పెట్టెలతో బయలుదేరినవాళ్లు, సిరిసిల్ల నుంచి బట్టల మూటలు మోసుకుని అంగళ్లు తిరిగేవాళ్లు అక్కడే నడుం వాల్చేవాళ్లు. రాతి గోడలు, సున్నపు గచ్చు, ముందువైపు ఐదు కమాన్లు. నేను చూసేనాటికి కప్పు సగం కూలిపోయి గదుల్లో మేకలు పడుకుంటున్నాయి. దాన్ని బాగుచేసి బాటసారులకు బస గదులు, ఒక వంటశాల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లిళ్లకూ పంచాయితీలకూ వాడుకునేందుకు ఒక హాలు చేయాలని సర్కారు మంజూరు ఇచ్చింది. పాలిటెక్నిక్ ముగించి కొత్తగా వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన నన్ను ఆ పని మీద వేశారు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, ఇల్లు వదిలి ఉండటం అదే మొదటిసారి.

ఆ పని పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అవి అన్నల రోజులు, నక్సలైట్లను మా దిక్కు అలాగే అనేవాళ్లు. సర్కారు బిల్డింగు గట్టిగా లేచిందంటే అందులో పోలీసు క్యాంపు పడుతుందని అన్నల అనుమానం. క్యాంపు పడుతుందని తెలిస్తే చాలు, ఒకరోజు ఆ బిల్డింగు పేలిపోయేది. పేలిన మర్నాడు పోలీసులు వచ్చి ఊళ్లో మగవాళ్లను పట్టుకుపోయేవాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పట్టపగలు కూడా కొత్త మనిషి కనిపిస్తే చాయ్ దుకాణంలో మాటలు ఆగిపోయేవి. అలాంటి రోజుల్లో కోనరావుపేట దిక్కు నుంచి సైకిలు మీద ఒక ముసలాయన వచ్చాడు. చెవులకు పోగులు, భుజాన సంచి, సంచిలో తాపీ. ఆయనే లింబయ్య మేస్త్రి.

"గీ గచ్చు మా నాయిన ఏసిండు బిడ్డా. నేను జేస్త," అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

నాకేమో తొందర. భయపడేవాళ్లకు తొందర ఎక్కువ. సిమెంటుతో చేస్తే నెలలో ముగించుకుని ఇంటికి పోవచ్చు కదా అన్నాను. మేస్త్రి నవ్వాడు. "అయిపోతది. మల్ల రెండేండ్లకు ఊడిపోతది. పాత సున్నమూ కొత్త సిమెంటూ అత్తాకోడండ్ల తీరు, ఒక్క గోడ మీద ఇముడయి." గుంటలో సున్నం నానబెట్టించాడు. ఎద్దుతో గానుగ తిప్పించాడు. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపించాడు. నన్ను రోజంతా గానుగ పక్కన నిలబెట్టి, సున్నం వేళ్ల మధ్య వెన్నలా జారేదాకా కదలనివ్వలేదు. సాయంత్రానికి నా వేళ్లు మండుతుంటే తనే కొబ్బరినూనె ఇచ్చి, "పాలిటెక్నిక్‌ల గిది చెప్పలేదా?" అని ఆటపట్టించాడు.

ప్రతిరోజూ పని ఆపేముందు నన్ను రోడ్డు అవతలికి తీసుకుపోయి, అక్కడ నిలబడి ముసాఫిర్‌ఖానా వైపు చూడమనేవాడు. మొదట్లో నాకిది పిచ్చిగా తోచింది. రోజంతా చూసిందే కదా! "కట్టెటోని కండ్లతోటి గాదు బిడ్డా. తొవ్వన వొయ్యెటోని కండ్లతోటి చూడు. గాడికేం కనవడ్తదో గదే ఇల్లు," అనేవాడు. నేను తలూపేదాన్ని. తలూపడం వేరు, నేర్చుకోవడం వేరని తర్వాత తెలిసింది.

కమాన్లు లేచాయి, కప్పు పడింది. ఇక పిట్టగోడ మిగిలింది. ఇంతలో చుట్టాల పెళ్లి ఉండి మేస్త్రి మూడు రోజులు పోయాడు. కూలిన రాళ్లు ఏరుతుంటే పాత పిట్టగోడ ముక్కలు దొరికాయి. వాటిలో వరసగా జానెడేసి నిలువు బొక్కలు ఉన్నాయి, గాలి కోసం పెట్టినవి. నా ఆనందం ఇంతా అంతా కాదు. పాతది పాతలాగే తిరిగి కట్టాలన్నది నా చదువు. మేస్త్రి వచ్చేసరికి చూపించి శభాష్ అనిపించుకోవాలని పనివాళ్లను తరిమి తరిమి, ఆ మూడు రోజుల్లోనే పిట్టగోడ లేపించాను. బొక్కలతో సహా.

నాలుగో రోజు మేస్త్రి సైకిలు దిగాడు. రోడ్డు అవతలే నిలబడి పైకి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఎవలు వెట్టమన్నరు గా బొక్కలు?"

"పాతదాంట్ల ఉండె గదా మేస్త్రీ..."

"గప్పుడు గాలికి వెట్టిండ్రు. గిప్పుడు తుపాకులకు అనుకుంటరు." చెయ్యి పట్టుకుని నన్ను తన పక్కన నిలబెట్టుకున్నాడు. "ఈడ నిలవడి చూడు."

చూశాను. ఎత్తైన రాతి గోడ, దాని మీద వరసగా సన్నటి బొక్కలు, కింద మూడు రోడ్లు. అచ్చం తుపాకులు పెట్టుకుని కాపలా కాసే పోలీసు మోర్చా. 

ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి పైకి చూసి సంతోషపడ్డాడు. "చాలా బాగా కట్టారమ్మా. పనైపోగానే చెప్పండి, మా వాళ్లను ఇక్కడ దింపుతాను," అని అందరూ వినేలా అన్నాడు. రెండో రోజు పొద్దున కమాను మీద ఎర్ర అక్షరాల కాగితం అంటించి ఉంది. పని ఆపాలి, కట్టించినవాళ్లు వచ్చి జవాబు చెప్పుకోవాలి. నాకు చదవడం వచ్చినందుకు మొదటిసారి ఏడుపొచ్చింది. కట్టించింది నేనే. కాసేపటికి భుజాన గొంగడి వేసుకున్న ఒక మనిషి వచ్చి, "మేస్త్రీని, ఇంజినీరమ్మను రమ్మంటున్నరు," అని చెప్పి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

మేస్త్రి నావైపు చూడకుండానే, "ఇంజినీరమ్మకు జరమొచ్చింది. నేనొస్త పా," అన్నాడు.

పొద్దు గుట్ట మీదికి వాలేదాకా నేను సున్నపు గుంట పక్కన కూర్చున్నాను. ఆకు కదిలినా లేచి నిలబడ్డాను. అప్పట్లో అలా నడుచుకుంటూ పోయి తిరిగి రానివాళ్ల పేర్లు ప్రతి ఊళ్లోనూ ఒకటో రెండో ఉండేవి. ఆయన తిరిగి వస్తుంటే మొదట నాకు పోగులే మెరిసి కనబడ్డాయి.

"ఏమన్నరు మేస్త్రీ?"

"బొక్కలు ఎవలు వెట్టిండ్రన్నరు. నేనే వెట్టిన్నన్న." నీళ్ల అండ దించి తాగాడు. "ముసాఫిర్‌ఖానా మొత్తం బాంబు వెట్టి లేపేస్తమన్నరు. అద్దు, పిట్టగోడ తీసేస్త, పక్క గోడలు గూడ తీసి నాలుగు దిక్కుల కమాన్లు తెరుస్త, అటు నిలవడ్డోనికి ఇటు రోడ్డు కనవడాలె అన్న. పండుకునెటోనికి పనికొస్తది, దాక్కునెటోనికి పనికిరాదు. మూడొద్దులు ఇచ్చిండ్రు."

నా కోసం ఆయన అబద్ధం ఆడాడు. ప్రాణం మీదికి వచ్చే అబద్ధం. 

మూడు రోజుల్లో పిట్టగోడ దించాం. మొదటి రాయి మేస్త్రే తీశాడు, ఎంతో పదిలంగా, కట్టేటప్పుడు ఉన్నంత శ్రద్ధతో. పక్క గోడలు విప్పి కమాన్లు తెరిచాం. గాలి ఆ చివర నుంచి ఈ చివరకు పోయింది. పోలీసులు వచ్చి అడిగితే ఏం చెప్పాలో కూడా మేస్త్రి నాతో వల్లె వేయించాడు. "పిట్టగోడ బరువెక్కువైంది, కప్పు ఆగదు, గందుకే నేనే తీపిచ్చిన అను. గంతే. నువ్వు సర్కారు మనిషివి, నిన్నేమనరు." ఎన్నోసార్లు అనుకున్నాను. బరువెక్కువైంది, కప్పు ఆగదు, నేనే తీయించాను.

జీపు వచ్చినప్పుడు గుంటలో కొత్త సున్నం ఉడుకుతోంది. ఇన్‌స్పెక్టరు పైకి చూశాడు. ఈసారి సంతోషపడలేదు. జీపు ఇంజను ఆపలేదు కూడా.

"గోడ ఎవరు కూలగొట్టమన్నారు?"

 వల్లె వేసిన మాటలు ఒక్కటీ రాలేదు. సున్నం బుసలు కొడుతోంది. ఆయన ఇంకోసారి, గొంతు తగ్గించి, "ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"లింబయ్య మేస్త్రి," అన్నాను.

మేస్త్రి తాపీ కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. నావైపు చూసి, అవునన్నట్టు తలూపి జీపెక్కాడు. ఆ తలూపడంలో కోపం ఉన్నా బాగుండేది. చిన్నపిల్ల పొరపాటున కుండ పగలగొడితే పెద్దవాళ్లు చూసినట్టు చూశాడు. అదే నన్ను చంపింది.

నాలుగు రోజులు ఆయన రాలేదు. తడి గచ్చు ఎండితే పగులుతుంది, దాని మీద గోనెసంచులు కప్పి పూటపూటకూ నీళ్లు చల్లాలి. పనివాళ్లు భయపడి రావడం మానేశారు. నేనే బిందెలతో నీళ్లు మోశాను. ఇంటికి పారిపోదామని రోజూ అనుకున్నాను. సంచులు ఆరిపోతాయేమోనన్న ఒక్క సాకుతో ఆగిపోయాను. ఐదో రోజు ఆయన వచ్చాడు. సైకిలు నడిపించుకుంటూ, కుడిచెయ్యి గుడ్డలో వేలాడేసుకుని. వేళ్లు ఉబ్బి ముడవడం లేదు. నేను ఏడుస్తుంటే కమాను దగ్గరికి పోయి ఎడమచేత్తో గోనెసంచి ఎత్తి గచ్చు తడిమాడు.

"ఎండనియ్యలేదు," అన్నాడు. "మంచిది."

"నేను చెప్పిన మేస్త్రీ. నీ పేరు నేనే చెప్పిన."

"నేను ఇన్న గదా. పక్కన్నే ఉంటి." కింద కూర్చున్నాడు. "భయపడ్డవు. నేను గూడ భయపడ్డ, అన్నల కాడా, పోలీసుల కాడా. ఇగ భయపడ్డోళ్లం ఇద్దరం ఉన్నం. కమాను ఒక్కటి మిగిలింది. తాపీ తియ్యి."

ఆ చివరి కమాను గచ్చు నా చేతులతో వేశాను. ఆయన పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో చెప్పాడు. ఆ చెయ్యి మళ్లీ తాపీ పట్టలేదు. ముసాఫిర్‌ఖానాలో పోలీసులు దిగలేదు, దాన్ని ఎవరూ పేల్చలేదు. పిట్టగోడ లేని ఆ కప్పు కింద దుబాయి పెట్టెలు దిగాయి, సిరిసిల్ల మూటలు దిగాయి, ఎందరివో పెళ్లి వంటలు ఉడికాయి. మేస్త్రి బతికున్నన్నాళ్లూ ఏడాదికోసారి వచ్చి రోడ్డు అవతల నిలబడి చూసి పోయేవాడు. పక్కన నేను ఉండేదాన్ని. ఆయన పోయాక ఒక్కదాన్నే నిలబడుతున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ప్లాను మీద సంతకం పెట్టాల్సి వచ్చినా ముందు రోడ్డు అవతలికి పోయి, దీన్ని చూసి ఎవరు భయపడతారని నన్ను నేను అడిగేదాన్ని. భయం మాత్రం పోలేదు, దాంతోనే పని చేశాను.

కోరుట్ల స్టేషన్‌లో ఆ రోజు బండి ఆలస్యమైంది. డ్రమ్ము దగ్గరాయన సున్నం ఇంకా బుసలు కొడుతుండగానే కుంచె ముంచబోయాడు. లేచి పోయాను. "గిప్పుడే ముంచకు తమ్మీ. సల్లారనియ్యి, వడగట్టు. గోడ ముందు తడుపు, లేకుంటే రాలిపోతది."

అతను నా చీర వైపు, చేతిసంచి వైపు చూసి ఆశ్చర్యపోయాడు. "గివన్నీ నీకు ఎవలు చెప్పిండ్రమ్మా?"

 ఈసారి తల ఎత్తి చెప్పాను.

"లింబయ్య మేస్త్రి."